కాలువ కింద ఎకరం

"సర్కారు పైసలన్ని గిట్ల మట్టిపాలైతున్నయి" అన్నాడు గుర్వయ్య, తవ్విపోసిన గట్టు మీద నిలబడి. "గీ కాలువకు పెట్టేది ఇంటింటికి పంచినా బాగుండు, షరీఫ్ సారూ."

ఓవర్సీర్ షరీఫ్ నవ్వాడు. నల్గొండకు దక్షిణాన, నాలుగూళ్ల మీదుగా ఆ కాలువ తవ్వకం మొదలై రెండేళ్లవుతోంది. గుర్వయ్యకు దాని పక్కనే ఇరవై ఎకరాల మెట్ట ఉంది.

"పంచితే తిని కూసుంటరు, గుర్వయ్యా. నీళ్లొస్తే నువ్వు వరి ఏస్తవ్. వడ్లుంటే మిల్లొస్తది. మిల్లొస్తే లారీలొస్తయి, లారీలొస్తే మెకానిక్ షాపులొస్తయి. వాటి పన్నులు మళ్ల సర్కారుకే. పెట్టిన రూపాయి యాడికీ పోదు."

"అదెప్పటి ముచ్చటనో!"

"ఇప్పుడే షురువైంది పటేలా" అంది ఈదమ్మ, తట్ట దించుతూ. ఆమే, భర్త భిక్షపతీ మొదటి రోజు నుంచీ ఆ పనిలోనే ఉన్నారు. "కూలి పైసలు మా చేతుల పడవట్టే జంగమ్మ చాయ్ హోటల్ పెట్టింది. ఆమెకు పాలు పోసెటోళ్లు ఇంకో బర్రెను కొన్నరు. అవునా, కాదా?"

ఆ పాలు పోసేది గుర్వయ్య ఇంటివాళ్లే.

ఈదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సారూ, ఎకరం చేనున్నోళ్లకు గూడ నీళ్లిస్తరా?"

"కాలువ కింద ఉంటే ఎకరమైనా ఇస్తరు, గుంట భూమైనా ఇస్తరమ్మా."

ఈదమ్మ భర్త వైపు తిరిగింది. "ఇన్నవా? మన ఎకరంల గూడ గిట్ల వరి ఏస్తే..."

"ముందు మట్టి ఎత్తు" అన్నాడు భిక్షపతి. కసురుకోలేదు. పార మాత్రం లోతుగా దించాడు.

ఆషాఢంలో నీళ్లు వదిలి చూసిన రోజు వాన దంచికొట్టింది. మధ్యాహ్నానికి గట్టుకు బుంగ పడింది. జనం కేకలు వేస్తూ వెనక్కి ఉరికారు. భిక్షపతి ఇసుక బస్తా భుజాన వేసుకుని నడుములోతు నీళ్లలోకి దిగాడు. వెనకే ఈదమ్మ దిగి బస్తాలు అందించింది. ఒకసారి అతని కాలు జారి తల మునిగితే చొక్కా పట్టి బయటికి గుంజింది. అది చూసి గుర్వయ్య కూడా దిగాడు. ఆయన వెంట మిగతావాళ్లూ వచ్చారు. పొద్దుగూకే వేళకు బుంగ మూసుకుంది.

"పానం పోతుండె గదరా!" అన్నాడు గుర్వయ్య తడి పంచె పిండుకుంటూ.

"గట్టు తెగితే చేన్లన్ని మళ్ల బీడే గద పటేలా. బీడును జూస్త బతుకుడు ఎట్లుంటదో మాకెరుక" అన్నాడు భిక్షపతి.

గుర్వయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత ఆయన నోట మట్టిపాలు అన్న మాట రాలేదు.

కాలువ ప్రారంభం నాడు నాలుగూళ్ల జనం గట్టు మీదికి వచ్చారు. కొబ్బరికాయలు కొట్టారు. ఎర్రటి నీళ్లు నురగలు కక్కుతూ తూముల్లోంచి చేలల్లోకి పాకాయి. మిల్లుకు జాగా చూసి ఉంచానని గుర్వయ్య షరీఫ్‌తో గొప్పగా చెప్పాడు.

ఈదమ్మ దోసిలితో నీళ్లు తాగి, మిగిలినవి నెత్తిన చల్లుకుంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"సంబురమైతాందా?" అడిగాడు భిక్షపతి.

"ఎందుకు గాదు? ఎంతమందికి బువ్వ పెడుతదో సూడు." కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది. "ఇగ పా, మన చేను కాడికి పోదాం."

భిక్షపతి పార కడిగి భుజాన వేసుకున్నాడు.

వాళ్ల ఎకరం పాలమూరు అవతల, ఏ కాలువా రాని ఊళ్లో ఉంది.