తూము రాయి

గోడలోంచి రాళ్లు పీకుతున్న మనిషిని సురేషే ముందు చూశాడు.

తుఫాను వాన. నిన్నటి నుంచి తెరిపి లేదు. కొండ నీళ్లన్నీ దిగి ఆ గోడ వెనకే నిలబడ్డాయి.

తాతల నాటి గోడ అది. మట్టి లేదు, సున్నం లేదు. పెద్ద రాళ్ల మధ్య చీలిక రాళ్లు బిగించి, రాయి మీద రాయి కూర్చోబెట్టి కట్టింది. దాని కింద ఇటు చివర సురేష్ గొర్రెల దొడ్డి. అటు చివర పూత మీదున్న మిరపచేను.

ఆ మనిషి అటు చివర గడ్డపారతో రాళ్లు ఊడదీస్తున్నాడు. తీసినవాటిని ఒక పక్కగా పేర్చి పెడుతున్నాడు.

"మామా, దొరికినాడు!" అని సురేష్ కేకేశాడు.

పక్క దొడ్డి రంగయ్య కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పోయిన నెలే ఎవరో కొండ మీద పాత గుడి దగ్గర నిధి కోసం తవ్విపోయారు. అప్పటి నుంచి కొత్త మొహం కనిపిస్తే ఊళ్లో అందరికీ అదే అనుమానం.

"ఎవుర్రా నువ్వు?"

"ముందు ఈ రాయి రానీ నాయనా. తర్వాత చెప్తా."

"ఎంత తాపీగా చెప్తాండాడో సూడు సురేషూ," అన్నాడు రంగయ్య. "దీని కింద లంకెబిందెలు ఉండాయని ఏ సామి చెప్పినాడురా నీకు?"

"బిందెలు కాదన్నా. ఇది తూము రాయి. తీస్తే నీళ్లు ఇటు పోతాయి. లేకుంటే గోడ ఆ దొడ్డి మీద పడుతాది. కడుపు ఉబ్బింది, సూడండి."

సురేష్ చూడలేదు. గోడ సందుల్లో పాములు చేరి గొర్రెపిల్లలను కాటేస్తున్నాయని, పోయిన ఎండాకాలం దొడ్డి వెనక సందులన్నీ తనే సిమెంటుతో మూయించాడు. "పాములు దూరే సందుల్లోనేరా నీళ్లూ పోయేది," అని తల్లి రాఘవమ్మ అప్పుడే గొణిగింది. అతను వినలేదు.

"సిమెంటు పెట్టిన గోడ అది! పడేదేంది?"

"అందుకే పడుతాది."

సురేష్‌కు ఒళ్లు మండింది. తలకు చుట్టుకున్న పచ్చ తువ్వాలు విప్పి ఆ మనిషి చేతులు కట్టేశాడు. ఆయన పెనుగులాడలేదు.

"కట్టేసుకో నాయనా. ఆ రాయి మీరన్నా తీయండి."

"తీస్తే నీళ్లు మిరపచేలో పడవా? ఎవరో పక్కూరి ఆడమనిషి, రాహేలంట, కౌలుకు చేసుకుంటా ఉంది. ఆమెకు ఎవురు చెప్తారు, నువ్వా?" అన్నాడు సురేష్.

ఆ మనిషి చేను వైపు చూశాడు.

"ఆమెకు నేను చెప్పుకుంటాలే."

రంగయ్య పకపకా నవ్వాడు. "ఇన్నావా సురేషూ? బిందెలో ఆమెకూ వాటా ఇస్తాడంట!"

ఆ నవ్వు ఆగకముందే దొడ్డి వెనక సిమెంటు పెచ్చు ఒకటి ఎగిరిపడింది. అక్కడి నుంచి ఎర్రనీళ్లు చిమ్మాయి.

దొడ్డిలో రాఘవమ్మ ఉంది. ఈనుతున్న గొర్రె దగ్గర కూర్చుంది.

"అమ్మా, బయటికి రా!"

"తల బయటపడిందిరా. ఇప్పుడెట్ల వదిలేసి వచ్చేది?"

సురేష్ దొడ్డిలోకి దూకాడు. తల్లిని రెక్క పట్టి లేపబోయాడు. ఆమె మోకాళ్లు లేవనివ్వలేదు. గొర్రెలన్నీ తడిక దగ్గర అడ్డంగా గుమిగూడి కదలడం లేదు. నెత్తి మీద గోడ కిర్రుమంది.

"కట్టు విప్పన్నా!" గోడ చివరి నుంచి అరుపు.

రంగయ్య దొడ్డి వైపు చూశాడు. ఆ మనిషి వైపు చూశాడు. తడిసిన ముడి వేళ్లకు రాలేదు. పళ్లతో లాగి వదులు చేశాడు; తువ్వాలు ఆ మనిషి ఒక మణికట్టుకే వేలాడింది.

ఆ మనిషి గడ్డపారను రాయి కింద గుచ్చి బరువంతా దాని మీద వేశాడు. రాయి కదలలేదు. రంగయ్య కూడా కర్ర పారేసి చెయ్యి వేశాడు.

రాయి దొర్లింది.

గోడ వెనక నీళ్లన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. దొడ్డి వెనక చిమ్మే నీళ్లు సన్నబడి ఆగిపోయాయి. మిరపచేను మాత్రం చూస్తుండగానే ఎర్రటి ఏరయింది. మొక్కలు వేళ్లతో సహా లేచి వాగు వైపు కొట్టుకుపోయాయి.

సురేష్ తల్లిని బయటికి తెచ్చేసరికి ఆ మనిషి లేడు. గడ్డపారా లేదు.

"పారిపోయినాడు దొంగనాయాలు. పోతా పోతా నా తువ్వాలు కూడా ఎత్తుకపోయినాడు!"

రాఘవమ్మ కొంగుతో గొర్రెపిల్లను తుడుస్తోంది. "మీ తాత కాలంలో అటుపక్క బీడురా. పెద్ద వానకు ఆ రాయి తీసేటోళ్లు. ఇప్పుడది ఒకరి బతుకు. పొద్దున్నే పోయి ఆమెకు చెప్పిరా."

"ఏమని చెప్పాల?"

"జరిగింది చెప్పు."

పొద్దునకు వాన వెలిసింది. సురేష్ పక్కూరికి బయలుదేరాడు. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. 'ఎవడో నిధుల దొంగక్కా. మేం పట్టుకున్నాం గానీ...'

రాహేలు ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటి ఎలీషబా బయటికొచ్చింది. "రాహేలు కోసమా? చేను పోయింది గదా నాయనా. తెల్లారకముందే మొగుడూ పెండ్లాం మార్కాపురం పోయి బెంగుళూరు బస్సెక్కినారు, గోడలు కట్టే బేల్దారి పనికి."

"ఆమెకు మొగుడున్నాడా? నేనెప్పుడూ చూడలా."

"పలకల గనిలో ఉండేటోడు. గని మూతబడి మొన్ననే ఇల్లు చేరినాడు." ఆమె అతన్ని తేరిపారా చూసింది. "కొండకింద గొర్రెల దొడ్డి సురేషువి నువ్వేనా?"

"నేనే."

ఆమె లోపలికి పోయి, ఉతికి మడతపెట్టిన పచ్చ తువ్వాలు తెచ్చి, "మరిచిపోయి తెచ్చినాడంట, నీకు ఇచ్చేయమన్నాడు," అని, ఇంకా తడి ఆరనిదాన్ని అతని చేతిలో పెట్టింది.