రిపోర్టులు మారిపోయాయి

"ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నాడమ్మా?"

చేతిలో గొడుగు పట్టుకున్న పెద్దాయన ప్రశ్నకి పక్క కుర్చీలో ఉన్నావిడ ఉలిక్కిపడింది. లివర్ డాక్టరు గది ముందున్న కుర్చీల్లో ముగ్గురే మిగిలారు. ఈ చివర పెద్దాయన, మధ్యలో ఆవిడ, అవతల ఆవిడ తమ్ముడు. బయట ఎండ మండిపోతున్నా ఆవిడ శాలువా కప్పుకుంది. తమ్ముడు కండలు తిరిగిన మనిషి. మోకాళ్ళు ఊపుతూ తలుపు వంకే చూస్తున్నాడు.

"పదేళ్ళు తాగాడండీ. మానేసి ఏడు నెలలైంది," అంది ఆవిడ నీరసంగా.

"నేనప్పుడే అనుకున్నాను. ముఖం చూసి చెప్పేస్తాను నేను!"

ముఖమూ లేదు, పాడూ లేదు. ఇందాక నర్సు తలుపు తీసి "చుక్క కూడా ముట్టలేదుగా?" అని అతన్ని అడగడం ఆయన చెవిన పడింది. ఆ మాత్రం గొప్ప చెప్పుకోకపోతే పెద్దాయనకి పొద్దు గడవదు.

"అసలెందుకు మొదలుపెట్టావయ్యా?"

"సామిల్లులో పనండీ. రోజంతా రంపపు పొట్టే పీలుస్తాం. సాయంత్రం ఓ క్వార్టర్ వేస్తే ఆ పొట్టంతా కడుక్కుపోతుందని మిల్లులో అందరి నమ్మకం. మిషన్ ఆపగానే మా మేస్త్రీ దగ్గరుండి పోసేవాడు."

"పొట్టు పోయేది ఊపిరితిత్తుల్లోకి, నువ్వు పోసేది కడుపులోకి, రెండూ ఎక్కడ కలుస్తాయిరా అని నెత్తీ నోరూ బాదుకున్నాను," అంది అక్క. "వింటేగా!"

"నిజమేననుకో," అన్నాడు పెద్దాయన. "కానీ మొత్తం మానడమెందుకమ్మా, బీరుకి మారితే సరిపోయేది. బీరు మందు కిందకి రాదు. ఒట్టి బార్లీ నీళ్ళు."

"సీసా ఏదైనా లోపలికెళ్ళేది ఒకటేనటండీ. డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు," అన్నాడు తమ్ముడు.

"డాక్టర్లకేం, ఏదో ఒకటి చెప్తారు. నా సంగతే చూడు." పెద్దాయన చేతిలోని ఫైలు టపటపలాడించాడు. "జన్మలో చుక్క ముట్టినవాణ్ణి కాదు. నా లివర్‌లో కొవ్వట! తాగనివాడికి లివర్ జబ్బేమిటయ్యా, విడ్డూరం కాకపోతే? రిపోర్టులు మారిపోయాయి. ఇది ఏ తాగుబోతుదో అయ్యుంటుంది. సోమవారం నాతోపాటు ఎవరెవరికి స్కానింగ్ తీశారో తేల్చుకుందామనే వచ్చాను."

తమ్ముడి మోకాళ్ళు టక్కున ఆగిపోయాయి. "నాకూ సోమవారమే తీశారండీ."

పెద్దాయన ఫైలు వైపు చూశాడు. అతని వైపు చూశాడు. అయ్యో, నోరు జారానే అనుకున్నాడు.

"మీరలా అనకండి బాబాయిగారూ," అన్నాడు తమ్ముడు. "ఇవాళ నాది బాగుందని రాకపోతే మా పని అయిపోయినట్టే. అమ్మా నాన్నా పోయాక మేమిద్దరమే మిగిలాం. అక్కకి నేను తప్ప ఎవరూ లేరు."

"ఆ బుద్ధి అప్పుడుండాలి!" జాలిపడాల్సింది పోయి పెద్దాయన మళ్ళీ అందుకున్నాడు. "నీ తాగుడు బెంగతో మీ అక్క ఏమైపోయిందో చూశావా? కళ్ళు పీక్కుపోయి, మనిషి పుల్లలా తయారైంది."

"రోజూ చూస్తూనే ఉన్నానండీ."

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్, పదరా, ఇంటికి పోదాం. నాకు భయంగా ఉంది. ఏదైతే అదే అవుతుంది."

"నువ్వూరుకో అక్కా. ఏడు నెలలు నోరు కట్టుకున్నది ఇంటికి పోవడానికా?"

రిపోర్టు వినే ధైర్యం కూడా లేదు ఈ పిచ్చితల్లికి అనుకుని పెద్దాయన పెదవి చప్పరించాడు.

నర్సు వచ్చి ఇద్దర్నీ లోపలికి పిలిచింది. తలుపు మూసుకుంది. పెద్దాయన రెండు కుర్చీలు జరిగి తలుపు పక్కకి చేరాడు. మొదట డాక్టరు గొంతు ఏదో గొణిగినట్టు వినిపించింది. తర్వాత ఆవిడ ఏడుపు. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తన పాడు నోటితో అన్నదే నిజమైందా? ఆ ఫైల్లో ఉన్న కొవ్వు తనదే అయితే బాగుండునని జీవితంలో మొదటిసారి మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. తమ్ముడు వచ్చీ రావడంతోనే పెద్దాయన్ని గట్టిగా వాటేసుకున్నాడు. గొడుగు ఎగిరి అంత దూరాన పడింది.

"బాగుందండీ! మచ్చ కూడా లేదట! ఉన్న కాస్త కొవ్వూ ఏడు నెలల్లో కరిగిపోయిందట!"

"హమ్మయ్య! బతికించావు నాయనా!" పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన సొంత కొడుకు పాసైనప్పుడు కూడా ఇంత సంతోషం వేయలేదు. అక్క గోడకి ఆనుకుని ఏడుస్తూనే నవ్వుతోంది.

వెనకే డాక్టరు వచ్చాడు. పెద్దాయన ఫైలు ముందుకి చాపాడు. "అయితే డాక్టరుగారూ, ఇది..."

"మీదే. ఎవరితోనూ మారలేదు. కొవ్వు తాగేవాళ్ళకే పడుతుందని ఎవరు చెప్పారండీ మీకు? స్వీట్లు తగ్గించి, రోజూ ఓ గంట నడవండి."

పెద్దాయనకి కోపం రాలేదు. నడుస్తాను, పోనీ అనుకున్నాడు. ఆ క్షణంలో పరిగెత్తమన్నా పరిగెత్తేవాడే.

డాక్టరు అక్కాతమ్ముళ్ళ వైపు తిరిగాడు. "బుధవారం పొద్దున్నే వచ్చి చేరిపోండి. గురువారం ఆపరేషన్." చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

పెద్దాయన నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇదెక్కడి చోద్యమయ్యా! మచ్చ లేని లివర్‌కి ఆపరేషనేమిటి?"

తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు.

"సగం మా అక్కకండీ."