మాట అందించని మేడమ్

గంగాప్రసాద్ కారులోంచే హారన్ కొట్టాడు.

మస్కట్‌లోని అజైబా పేటలో ఒక కాఫీ షాపు నుంచి దస్తగిర్ వచ్చి, ఆర్డర్ తీసుకుని, కరక్ చాయ్ తెచ్చి కిటికీలోంచి అందించాడు.

"లోపల ఏసీలో కూర్చోరాదా అన్నా?"

"బిడ్డకు ఇంటర్వ్యూ నడుస్తుంది భయ్. తల్లిదండ్రులు పక్కన ఉండొద్దంట."

శ్రీవాణి బెంగళూరులోని ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టింది. ఫీజు మాఫీ అయితేనే చదువు. కంపెనీలో ఫోర్‌మన్‌గా చేసే తండ్రికి అంత ఫీజు కట్టే స్తోమత లేదు.

అదే కాలేజీలో ఒకప్పుడు చదివి, ఇప్పుడు మస్కట్‌లో ఉంటున్న ఒకరు అమ్మాయితో కాసేపు మాట్లాడి, తమ అభిప్రాయం కాలేజీకి పంపుతారు. సీటు ఇచ్చేది వాళ్లు కాదు. కానీ వాళ్ల మాటకు విలువ ఉంటుంది.

శ్రీవాణికి నత్తి.

మాట మధ్యలో ఆగితే బడిలో టీచర్లు పూర్తి చేసేవాళ్లు. ఇంట్లో తండ్రి పూర్తి చేసేవాడు.

గంగాప్రసాద్‌కు తెలిసిన ఇంటర్వ్యూ ఒక్కటే. బొంబాయిలో ఏజెంటు ఆఫీసు. అడిగిన వెంటనే జవాబు రాకపోతే వెనకాల ఉన్న మనిషిని పిలుస్తారు.

"ఫటాఫట్ చెప్పాలె బిడ్డా" అని పొద్దుటి నుంచి పోరుతూనే ఉన్నాడు.

ఇప్పుడు అద్దాల తలుపు వైపు చూశాడు. హుమా అనే ఆ మేడమ్ సర్వర్‌తో ఒక్క మాటైనా మాట్లాడలేదు. మెనూ మీద వేలు పెట్టి చూపించింది.

"దొరసాని" అని గొణుక్కున్నాడు.

ఆమె ఏదో చిన్నగా అడిగింది. శ్రీవాణి పెదవులు కదిలాయి. ఆగిపోయాయి.

గంగాప్రసాద్ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. లోపలికి పోయి ఆ మాటేదో తానే చెప్పేయాలనిపించింది.

మేడమ్ వాచీ చూసుకోలేదు. మాట అందించలేదు. ఊరికే కూర్చుంది.

శ్రీవాణి మళ్లీ మొదలుపెట్టింది.

చాలాసేపటికి బయటికి వచ్చి కారెక్కింది.

"ఏమడిగింది?"

"ఏం... ఏం చదువుకోవాలనుంది అని."

"ఇంకా?"

"ఎందుకు అని."

"గింతసేపు గవ్వేనా? మిగతాదంతా?"

"మిగతాదంతా నేనే మా... మాట్లాడిన బాపూ."

గంగాప్రసాద్ నమ్మలేదు.

"ఆమె గూడ బాపూ... నా... నా..."

"నా దిక్కు చూడనే లేదంటవ్. నాకు తెల్వదా? చాయ్ చెప్పనీకి గూడ నోరు తెర్వలే. అంత పొగరు! పోనియ్ బిడ్డా, ఇంకో కాలేజీ సూద్దాం."

శ్రీవాణి కిటికీ వైపు తిరిగింది. ఆమె ముఖంలో మాత్రం దిగులు లేదు.

ఏప్రిల్‌లో సీటు వచ్చింది. ఫీజు మొత్తం మాఫీ.

గంగాప్రసాద్ సైట్‌లోనే అందరికీ వినపడేలా ఆ సంగతి చెప్పాడు. ఆ రోజు చాలా కాలానికి అన్నం రుచి తెలిసింది. కంపెనీలో అందరికీ మిఠాయి పంచి, ఒక డబ్బా విడిగా ఉంచాడు. పొగరున్నా సరే, బిడ్డకు మేలు చేసిన మనిషి.

శుక్రవారం ఆ కాఫీ షాపుకు వెళ్లాడు. ఈసారి హారన్ కొట్టలేదు. దిగి లోపలికి నడిచాడు.

"దస్తగిర్, హుమా మేడమ్ ఎప్పుడొస్తది?"

"పేరు చెప్తే నాకెట్ల తెలుస్తాదన్నా? మనిషి ఎట్లుంటాది?"

"గదే, మా బిడ్డను ఇంటర్వ్యూ చేసిన మేడమ్. నోరు తెర్వకుండ వేలు వెట్టి చూపిస్తది సూడు. జర పొగరు."

దస్తగిర్ చేతిలోని గుడ్డ బల్ల మీద ఆగిపోయింది.

"ఆయమ్మా? ఎదురు బిల్డింగులోనే ఉండేదన్నా. పోయిన నెల ఇల్లు ఖాళీ చేసి ఇండియాకు వెళ్లిపాయ. మళ్లీ రాదని వాచ్‌మన్ చెప్పినాడు."

"అయ్యో. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చిన."

"పొగరు కాదన్నా అది" అన్నాడు దస్తగిర్ మెల్లగా. "మీ పాపకు మాదిరే ఆయమ్మకు గూడా ప్రతి మాటా గొంతులో తట్టుకుంటాది. ఆ పొద్దు మీ పాపతో మాట్లాడేదాకా, ఇన్నేండ్లూ ఆయమ్మను మేము మూగదే అనుకుంటిమి."