తోసేవాళ్ళకు తెలిసిన ఇల్లు

ఉదయం ఏడూ పదికి జూబ్లీహిల్స్‌లో నిఖిల్ ఇంటి గేటులోంచి అతని స్పోర్ట్స్ కారు బయటికి వచ్చింది. నడుపుతున్నది నిఖిల్ కాదు.

నడుపుతున్నది రాములు. ఉండేది కృష్ణానగర్‌లో. షూటింగుల్లో హీరో దిగిపోయాక కారును తీసుకెళ్ళి నీడలో పెట్టడం అతని పని. టోలిచౌకిలో కార్ల బ్రోకర్ కమలాకర్ ముందు రోజు అతనికి రెండే మాటలు చెప్పాడు. గేటు తీసి ఉంటుంది, తాళంచెవి సీటు మీద ఉంటుంది. ఎనిమిదింటికల్లా కారు తన షెడ్డుకు చేరాలన్నాడు. అవన్నీ నీకెలా తెలుసని రాములు అడగలేదు.

గేటు తీసే ఉంది. తాళంచెవి సీటు మీదే ఉంది. పక్కన నిఖిల్ నల్లకళ్ళద్దాలు ఉంటే అవీ పెట్టుకున్నాడు.

ఫిల్మ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. కారు ఆగింది. పచ్చలైటు పడింది. కారు కదల్లేదు. ముందు మూత సందుల్లోంచి ఆవిరి వచ్చింది, కింద రోడ్డు తడిసింది. వెనక సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబులు హారన్లు మొదలుపెట్టాయి.

రాములు తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. దిగి పారిపోదామనుకునేలోపు ట్రాఫిక్ కానిస్టేబుల్ బాలనర్సయ్య వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. లోపలున్న మనిషిని చూడలేదు. ఆటోస్టాండు వైపు తిరిగి, "జంగయ్యా, వచ్చింది," అన్నాడు.

జంగయ్య, ఇంకో ముగ్గురు ఆటోవాళ్ళు చాయ్ గ్లాసులు పెట్టి వచ్చారు. వాళ్ళలో ఒకడు కొత్త. ముందు మూత ఎత్తి ఇంజన్ చూద్దామన్నాడు.

"గాడ రేడియేటర్ దప్ప ఏముంటది? ఇంజన్ ఎన్క ఉంటది, మన ఆటో లెక్క," అన్నాడు జంగయ్య. "గని ఆటో నడుస్తది."

లోపల మనిషే లేనట్టు వాళ్ళు కారు సంగతులు కొత్తవాడికి చెప్పారు. పోయిన నెల క్లచ్ వైరు ఇక్కడే తెగింది. వానొస్తే పైకప్పు కారుతుంది; సారు తల మీద తువ్వాలు వేసుకుని కూర్చుంటాడు. బాడీ ఇనుము కాదు, ఫైబర్; తోయరాని చోట తోస్తే పగుళ్ళిస్తుంది. అమ్ముదామని ఏడాదిగా తిరుగుతున్నాడట, కొనేవాడు లేడు.

"గింత తేలికగ ఎందుకు చేసిన్రో ఎర్కనా?" అన్నాడు జంగయ్య. "తోసేటోళ్ళ కోసం."

ఇన్నిసార్లు తోసినా సారు ఒక్కసారీ దిగలేదు. నల్లటి అద్దం దించలేదు. ఓసారి మెల్లగా తోస్తున్నారని హారన్ కొట్టాడు. అతని ముఖం ఎలా ఉంటుందో స్టాండులో ఎవరికీ తెలియదు.

ఈ చివరి మాట విని రాములు అద్దం పూర్తిగా బిగించాడు. ముఖం కనపడకుండా షేక్‌పేట వాలు దాకా తోయించుకుంటే ఆ వాలులో ఇంజన్ అందుకోవచ్చు. అందుకుంటే టోలిచౌకి. లేకపోతే జైలు.

నలుగురూ వెనక చేతులు వేశారు. కారు కదిలింది. రాములు స్టీరింగును వాలు వైపు తిప్పాడు. వాళ్ళు తోయడం ఆపారు.

జంగయ్య వచ్చి అద్దం మీద వేలితో కొట్టాడు. "ఏంది సార్, ఇల్లు గూడ మర్శిన్రా? కుడికి తిప్పుండ్రి. ఇల్లు ఎన్కకున్నది."

రాములు అద్దం వేలెడు దించాడు. సినిమాల్లో విన్న గొంతు తెచ్చుకున్నాడు. "టోలిచౌకి షెడ్డుకు తీసుకెళ్ళాలి. కిందికి తొయ్యండి."

"సారుకు మాటలొస్తయిరా," అని జంగయ్య మిగతావాళ్ళకు చెప్పాడు. షెడ్డువాళ్ళు ఎప్పుడూ ఇంటికే వస్తారు కదా, వాళ్ళ కోసం మేం టోలిచౌకి దాకా తోయాలా అని అడిగాడు.

"కుడికి, సార్," అన్నాడు బాలనర్సయ్య. "ఎన్క బండ్లాగినయ్."

రాములు కుడికి తిప్పాడు.

బాలనర్సయ్య తలుపు పక్కనే నడిచాడు. ఆఫీసు టైములో దీన్ని రోడ్డెక్కించొద్దని ఇవాళ ఇంట్లోవాళ్ళ ముందే చెప్తానన్నాడు. ఎత్తు ఎక్కేచోట జంగయ్య వెనక నుంచి అరిచాడు.

"హారన్ కొట్టుండ్రి సార్. కొట్టకపోతే తోసినట్టే లేదు."

రాములు హారన్ కొట్టాడు.

నిఖిల్ ఇంటి గేటు ఇంకా తీసే ఉంది. వంటమనిషి జగదాంబ బయటికి వచ్చింది. బాలనర్సయ్య కారు తలుపు తెరిచాడు. ఆమె వంగి రాములును చూసింది.

"అప్పుడే ఆగిపోయిందా బాబూ? మీ షెడ్డు దాకా కూడా వెళ్ళలేదా?"

"షెడ్డేందమ్మా? గీయన సారు గాదా?" అన్నాడు బాలనర్సయ్య.

"బాబుగారు కాదండి. షెడ్డు నుంచి వచ్చాడనుకున్నాను. కారు తీసుకెళ్ళడానికి వారానికొకరు వస్తూనే ఉంటారు కదండి."

బాలనర్సయ్య రాములు కాలరు పట్టుకుని బయటికి లాగాడు. నల్లకళ్ళద్దాలు కింద పడ్డాయి.

"దొంగ గూడ హారన్ కొట్టిండు," అన్నాడు జంగయ్య.

సారును పిలవమని బాలనర్సయ్య అడిగాడు. బాబుగారు లేరని, పొద్దున్నే ఆటోలో వెళ్ళారని జగదాంబ చెప్పింది. బాలనర్సయ్య సెల్‌ఫోన్ తీసి, కారు దొంగ దొరికాడని పోలీస్ స్టేషనుకు చెప్పాడు. కారు యజమాని స్టేషన్‌లోనే ఉన్నాడని అవతలి నుంచి చెప్పారు. ఆరూ యాభైకే వచ్చి కారు పోయిందని రాసిచ్చాడట. బీమా కంపెనీకి ఇవ్వాలని కాపీ కోసం కూర్చున్నాడట.

బాలనర్సయ్య ఫోన్ చెవి దగ్గరే ఉంచి జగదాంబ వైపు తిరిగాడు.

"గీడు కారు ఎప్పుడు తీస్కపోయిండమ్మా?"

"ఏడు దాటాకండి," అంది జగదాంబ. "బాబుగారు వెళ్ళాక కారు నేనే తుడిచాను."