సున్నపు తేట

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులకు, ఆలస్యానికి మన్నించండి.

నీటికాసుల జబ్బుతో, అదే గ్లకోమాతో, తమ్ముడు మీరావలికి ఒక కన్ను పోయింది. వాడి కూతురు నస్రత్ చేపల మీద పరిశోధన చేస్తోంది. అది ఊరొచ్చి, వాడి రెండో కన్ను చూసింది.

“ఇలా తెల్లబడిందేంటత్తా? ఏం వేశావు?”

“నువ్వు ఫోన్లో చెప్పిందేగా. నరం తెగిన చేపకి కాల్షియంతో చూపొచ్చిందని. కాల్షియమంటే సున్నమేనట. తమలపాకుల్లోకి వేసుకునే సున్నం నీళ్లలో కలిపి, పైన తేరిన తేట తీసి, మూడు రోజులుగా కంట్లో వేస్తున్నా.”

“కాల్షియం కాదత్తా, దాన్ని పట్టుకునే ప్రోటీన్లు. అవి చేప నరంలోనే ఉంటాయన్నాను. చేపకి నరం మళ్లీ పెరుగుతుంది. మనకి పెరగదు.”

తమ్ముడు నవ్వాడు. “అక్కనేమీ అనకే. నన్ను చేపని చేద్దామనుకుంది. ఇవాళ మంట కూడా లేదు. ముందా తలుపు తియ్యి, ఇల్లంతా చీకటిగా ఉంది. ఎండబోసిన మిరపకాయలు చూసుకోవాలి.”

తలుపు బార్లా తెరిచే ఉంది.

షేక్ జైనాబీ, అరవై ఏడేళ్లు. మావారు పోయాక నల్లపాడులో తమ్ముడి దగ్గరే ఉంటున్నాను.