నల్లగానే అవుతోంది

“మాత్ర వేసుకున్నారా?” స్నానాలగది తలుపు దగ్గర నిలబడి అడిగింది సీతామహాలక్ష్మి.

“వేసుకున్నానే! విరేచనం నల్లగానే అవుతోంది. ఇంకేం సాక్ష్యం కావాలి నీకు?” లోపలి నుంచి విసుక్కున్నాడు పట్టాభి.

బయటికి వస్తూనే గోడకు చేరగిలబడ్డాడు. పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

నిరుడు అతని ఎడమకాలి బొటనవేలి మీద నల్లమచ్చ లేచింది. అరుదైన క్యాన్సరని వేలే తీసేశారు. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నప్పుడు మొదలైన దడ ఆమెకింకా తగ్గలేదు. నెల క్రితం ఒంట్లో రక్తం తగ్గిందని డాక్టరు ఐరన్ మాత్రలిచ్చాడు. మొదటిరోజు కడుపులో తిప్పుతోందని గోల చేశాడు పట్టాభి. తరువాత దారికొచ్చాడు. టిఫిను కాగానే మాత్ర, నీళ్ల గ్లాసు పుచ్చుకుని వరండాలోకి వెళుతున్నాడు, రోడ్డు చూస్తూ వేసుకుంటానని.

“ఇవాళ ఆసుపత్రికి వెళ్లాల్సిందే.”

“దేంట్లో వెళతావు? బస్సుల్లేవు, ఆటోల్లేవు. సమ్మె సంగతి తెలీదూ?”

డాక్టరు ఫోను ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేసి, కింది వాటాలో ఉండే ఆటో జానయ్యను పిలుచుకొచ్చింది.

“ఆటో తీస్తే మావోల్లే అద్దాలు పగలగొడ్తరమ్మా,” అన్నాడు జానయ్య. “ఎల్బీనగర్ చౌరస్తాల రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నరు. సారును జర గల్లీల పొంటి నడిపిస్త. ఆడికెల్లి మా తమ్ముడు జగన్ బైక్ మీద దవాఖానకు తీస్కపోతడు. చెప్పులొద్దు, రోడ్డంత గాజుపెంకులే. బూట్లు తొడుగుమనుండ్రి.”

వరండాలో మేజోళ్లు కుక్కిపెట్టిన పాత బూట్లు అందుకుంది సీతామహాలక్ష్మి.

“వేలు లేని కాలికి బూటేమిటే! అక్కడ పెట్టు. అవి నాకు పట్టవు,” అరిచాడు పట్టాభి.

“పట్టకపోతే ఈడ్చుకుంటూ నడవండి!”

“నేను రాను.”

“గింత లొల్లి మా సమ్మెల గూడ లేదు సారూ,” నవ్వాడు జానయ్య.

అంతలో ఫోను మోగింది. డాక్టరు. ఆమె గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది.

“ఆ క్యాన్సర్ పేగుల్లోకి పాకడం చాలా అరుదమ్మా. పాకితే లోపల రక్తం కారి, విరేచనం తారులా నల్లగా వస్తుంది. మాత్రలు వేసుకోని మనిషైతే ఈ క్షణమే ఎత్తుకు రమ్మనేవాణ్ని. ఐరన్ వేసుకునేవాళ్లకి నలుపు మామూలే. రోజూ వేసుకుంటున్నారుగా?”

“రోజూ నేనే చేతికిస్తున్నాను డాక్టరుగారూ.”

“మరింకేం? దారులు తెరిచాక రండి. మాత్రలు మాత్రం ఆపొద్దు.”

“చెప్పానా?” పట్టాభి కుర్చీలో కూలబడ్డాడు. “ఊరికే అందర్నీ పరుగులు పెట్టించావు.”

“పరేషాన్ గాకుండ్రమ్మా. ఏమన్నుంటే పిలువుండ్రి,” అంటూ జానయ్య మెట్లు దిగాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. సమ్మె మీదో, డాక్టరు మీదో, ఈ మనిషి మీదో. మేజోళ్లు లాగేసి, బూట్లు రెండూ మూలకు విసిరికొట్టింది. ఎడమది గోడకు తగిలి బోర్లా పడింది.

నెలరోజుల మాత్రలు గచ్చు మీద దొర్లాయి.