జబ్బు లేని మనిషి

"జబ్బుందా తాతా?"

"లేదు తల్లీ."

"మరి ఈ వరుసలో ఎందుకు నిలబడ్డావు?"

ఊరి వైద్యశాల వరండాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ముసలాయన ఒరోజ్‌బై తన తెల్ల టోపీ సవరించుకున్నాడు.

"ఆ విందుకి నేనూ వెళ్లాను. నన్ను కూడా అడుగు."

"జబ్బు పడ్డవాళ్లని అడగడానికే తీరిక లేదిక్కడ. ఇంటికెళ్లి పడుకో."

ముసలాయన పక్కకి తప్పుకున్నాడు.

వరుసలో వాళ్లని ప్రశ్నలు అడుగుతున్న మీరిమ్‌కి ఇదే మొదటి పని. ఊళ్లో రోగం ఎక్కడ మొదలైందో ఆరా తీసే చదువు రాజధాని బిష్కెక్‌లో సగం చదివింది. మిగతా సగం పని చేస్తూ నేర్చుకోమని తలాస్ లోయలోని ఈ ఊరికి పంపారు.

ఊళ్లో బెక్తూర్ అనే ఆయన ఇంట్లో మనవడి తొలి అడుగుల విందు జరిగింది. ఆ తర్వాత ఒక్కొక్కరికీ కనురెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. గుటక దిగడం లేదు.

విందు తిండిలో విషం పుట్టిందని మీరిమ్‌కి అర్థమైంది. ఎందులో పుట్టిందన్నదే తేలాలి. వెంటనే తేలాలి, ఎందుకంటే వచ్చినవాళ్లందరికీ బెక్తూర్ భార్య మిగిలినవి మూటలు కట్టి ఇచ్చింది. ఆ మూటలు ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి.

"అన్నీ పారేయండి" అంటే ఒక్కరూ వినలేదు. విందు మూట ఎవరైనా పారేస్తారా? ఫలానాది అని చెబితే వింటారేమో.

"ఏం తిన్నారు?" అని ప్రతి రోగినీ అడిగింది.

"అన్నీ తిన్నాం" అన్నారు ప్రతి ఒక్కరూ.

"బెక్తూర్ పెళ్లాం చేతి వంటకి వంక పెడతామా? కళ్లు పోవూ!" అంది రెప్పలు ఎత్తలేకపోతున్న ఒకావిడ.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. చేతిలో తెల్లటి ఆడవాళ్ల తలగుడ్డతో చుట్టిన మూట. అందులోంచి గాజు సీసా మూత కనబడుతోంది.

"ఇది ఆ విందులోదే తల్లీ."

"మేం కానుకలు తీసుకోం తాతా. తీసుకుంటే ఉద్యోగం ఊడుతుంది."

"కానుక కాదు..."

డ్రైవర్ ఎర్నిస్ పకపకా నవ్వాడు. "నాకిచ్చెయ్ తాతా, ఆకలి దంచేస్తోంది. ఇంతకీ ఆ తలగుడ్డ ఎవరిది ఎత్తుకొచ్చావ్?"

ముసలాయన మూటని గబుక్కున గుండెకి అదుముకున్నాడు.

"నువ్వు ముట్టుకోకు బాబూ."

"ఇస్తానంటావు, ఇవ్వనంటావు. ఏం చాదస్తం ఇది!" మీరిమ్ విసుక్కుంది.

"నేనేం తిన్నానో అడుగు తల్లీ. అడిగితే చెబుతా. అడక్కుండా చెబితే, తిన్న ఇంటి మీద చాడీలు చెప్పినట్టుంటుంది."

"జబ్బుందా, లేదా?"

"లేదు."

"తర్వాతి వాళ్లు రండి!"

ఆ సాయంత్రం బడి పంతులమ్మ బర్చిన్ తన విందు మూట విప్పి భోజనం చేసింది. పాపం, మొదటి రోజు నుంచీ రోగులను ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చింది ఆవిడే. మర్నాటికి ఆవిడకి మాట పడిపోయింది. ఇప్పుడు పట్నం ఆసుపత్రిలో యంత్రం ఊపిరి పోస్తోంది.

ఆ కబురుతోపాటే మీరిమ్‌కి చదువు చెప్పే సాబిరా మేడమ్ దిగింది. మీరిమ్ రాసినదంతా చదివి కళ్లద్దాలు తీసింది.

"అందరూ అన్నీ తిన్నారు. దీంతో ఏం తేలుతుంది? అదే విందు తిని కూడా జబ్బు పడని వాళ్లని అడిగావా?"

మీరిమ్ అడగలేదు. క్లాసులో మొదట్లోనే చెప్పిన పాఠం అది. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది.

"ఒకాయన వచ్చాడు మేడమ్. నేనే పొమ్మన్నాను."

ముసలాయన ఎక్కడికీ పోలేదు. బయట మెట్ల మీద మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మీరిమ్ వెళ్లి కింద మెట్టు మీద కూర్చుంది.

"విందులో ఏం తిన్నారు తాతా?"

"మాంసం తిన్నా. నూనెలో వేయించిన రొట్టె తిన్నా. టీ తాగా."

"ఏం తినలేదు?"

"వంకాయ నిల్వ పచ్చడి. నాకు పడదు."

మూట విప్పి సీసా ముందు పెట్టాడు. అందులో సగమే మిగిలి ఉంది.

ఎర్నిస్ రెండడుగులు వెనక్కి వేశాడు. సాబిరా మేడమ్ సీసా తీసుకుని జీపు వైపు పరుగెత్తింది. కాసేపటికే ఊరంతా మైకు మోగింది. "వంకాయ పచ్చడి ముట్టుకోకండి! సీసాలు తెచ్చి ఇచ్చేయండి!"

ఈసారి జనం విన్నారు. చేతుల్లో సీసాలతో వైద్యశాలకి రావడం మొదలుపెట్టారు.

మీరిమ్ మెట్టు మీంచి లేవలేదు. నిన్న ఒక్క మాట అడిగి ఉంటే పంతులమ్మ ఇవాళ బడిలో ఉండేది.

ముసలాయన వైపు తిరిగి అడిగింది.

"మీరు తినలేదన్నారు కదా. మరి సీసాలో ఆ సగం ఎవరు తిన్నారు తాతా?"

ముసలాయన ఒళ్లో మిగిలిన తలగుడ్డని నెమ్మదిగా మడత పెట్టాడు.

"మా ఆవిడ తల్లీ. పక్షవాతమన్నారు, మీరు ఊళ్లోకి రాకముందే పూడ్చిపెట్టేశాం."